నీళ్లు కట్టే వాల్వ్‌ను టైల్స్ వెనక దాచకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రికలో ఇంటి నిర్మాణానికి కేటాయించిన పేజీని నేను శ్రద్ధగా చదువుతుంటాను. గోడల రంగులు, వంటగది అరలు, స్నానాల గది టైల్స్, గదుల్లోకి వెలుతురు వచ్చే తీరు, వీటన్నిటి గురించి అందులో వివరంగా రాస్తున్నారు. అయితే ఇంట్లోకి వచ్చే నీటిని అవసరమైనప్పుడు పూర్తిగా కట్టేయడానికి ఉండే ప్రధాన వాల్వ్ ఎక్కడ ఉండాలి, ఏ రకానిదై ఉండాలి, అది తిరగకుండా మొరాయిస్తే ఏం చేయాలి అన్న సంగతి మాత్రం అక్కడ కనిపించడం లేదు. భవనాల్లో నీటి పైపుల నిర్వహణ పని చాలాకాలం చూసినవాడిగా ఈ విషయం మీద నాలుగు మాటలు రాయాలనిపించింది. చేయి అందని వాల్వ్, అందినా తిరగని వాల్వ్ ఉన్నా లేనట్టే. ఈ రెండింట్లో మొదటి లోపం మనం చేతులారా చేసుకునేది. రెండోది చాలావరకు ఆ మొదటిదాని నుంచే పుట్టేది. ఎందుకంటే చేయి అందని వాల్వ్‌ను ఎవరూ తిప్పరు, ఎవరూ తిప్పని వాల్వ్ కొన్నేళ్లకు బిగుసుకుపోతుంది.

వాష్ బేసిన్ కిందనో ఫ్లష్ ట్యాంకు పక్కనో ఉండే సన్నని కనెక్షన్ పైపు తెగిందంటే నీళ్లు ఒక్కసారిగా చిమ్ముతాయి. నిమిషానికి 15 లీటర్ల చొప్పున పారినా గంటకు 900 లీటర్లు నేల మీదికి చేరతాయి. మేడ మీద ట్యాంకు ఉన్న ఇంట్లో ఆ ట్యాంకు ఖాళీ అయ్యేదాకా, వీధి పైపు నుంచి నేరుగా నీరు వచ్చే ఇంట్లో సరఫరా సాగినంతసేపూ ఆ ధార ఆగదు. గోడల్లోని విద్యుత్ బోర్డుల వైపు నీరు పాకితే అది వస్తునష్టంతో పోయే విషయం కూడా కాదు. అందుకే నీళ్లు గది నిండా పరుచుకుంటున్నప్పుడు, తడవని చోట నిలబడి అందుకోగలిగితే ముందు కరెంటు మెయిన్ కట్టేసి ఆ తర్వాతే వాల్వ్ జోలికి వెళ్లాలి. బోర్డే తడిలో ఉంటే దాన్ని ముట్టుకోకుండా బయటికి రావాలి. ప్లంబరు ఎంత త్వరగా వచ్చినా అప్పటిదాకా నీటిని ఆపాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లే, అది కూడా వాల్వ్ తిరిగితేనే.

వాల్వ్ ఎందుకు పట్టేస్తుందో తెలియాలంటే దాని లోపల ఏముందో కొంత తెలియాలి. పాత ఇళ్లలో ఎక్కువగా కనిపించేది గేట్ వాల్వ్. దీనికి గుండ్రని చక్రం లాంటి పిడి ఉంటుంది, పూర్తిగా మూయడానికి దాన్ని చాలా చుట్లు తిప్పాలి. పిడి తిరిగినప్పుడు స్పిండిల్ అనే మరల కడ్డీ తిరిగి, దాని చివరనున్న లోహపు పలకను కిందికి దించుతుంది. ఆ పలక నీటి దారికి అడ్డంగా గాడిలో కూర్చుంటుంది. ఏళ్ల తరబడి తెరిచే ఉంచిన వాల్వ్‌లో ఈ గాడి అడుగున ఇసుక, ఒండ్రు, తుప్పు పొడి పేరుకుంటాయి. కఠిన జలం వచ్చే చోట కాల్షియం కార్బొనేట్ పొర మరల మధ్య గట్టిపడుతుంది. స్పిండిల్ వెంట నీరు బయటికి కారకుండా దాని చుట్టూ బిగించే గ్లాండ్ నట్ అనే చిన్న నట్ కింద కూరిన ప్యాకింగ్, అంటే సందు పూడ్చే మెత్తని పదార్థం, ఎండిపోయి కడ్డీని పట్టేసుకుంటుంది. ఇవన్నీ కలిసి వాల్వ్‌ను కదలనివ్వవు.

ఇంతకన్నా ప్రమాదకరమైనది, పైకి కనిపించనిది ఇంకొకటి ఉంది. వాల్వ్‌ల తయారీలో వాడే మామూలు ఇత్తడిలో దాదాపు 40 శాతం జింక్, మిగిలినదంతా చాలావరకు రాగి ఉంటాయి. కొన్ని రకాల నీటిలో, ముఖ్యంగా క్లోరైడ్లు ఎక్కువగా ఉన్న నీటిలో, ఆ జింక్ కొద్దికొద్దిగా కరిగిపోయి బోలుగా, ఎర్రగా ఉండే రాగి మాత్రమే మిగులుతుంది. ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. అలాంటి స్పిండిల్‌ను బలంగా తిప్పితే ఎండుపుల్లలా పుటుక్కున విరుగుతుంది. దీన్ని తట్టుకునేందుకు స్వల్పంగా ఆర్సెనిక్ కలిపిన ప్రత్యేకమైన ఇత్తడి కూడా తయారవుతోంది. కొనేటప్పుడు అడిగి తీసుకోదగ్గది. బిగుసుకున్న పాత వాల్వ్ మీద బలప్రయోగం చేయవద్దని పదేపదే చెప్పడానికి ప్రధాన కారణం ఇదే.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది బాల్ వాల్వ్. లోపల అడ్డంగా రంధ్రం ఉన్న గోళం ఉంటుంది. పొడుగాటి పిడిని పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు తిప్పితే చాలు. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. చీకట్లో తడిమినా తెలుస్తుంది. ఆ గోళం రెండు పక్కలా ఒత్తుకుని ఉండే తెల్లటి వలయాలు సాధారణంగా టెఫ్లాన్‌తో చేసినవి. 1938లో రాయ్ ప్లంకెట్ శీతలీకరణ వాయువుల మీద పరిశోధిస్తూ అనుకోకుండా కనుగొన్న ఈ పదార్థం వంట పెనాల మీద పూతగానే ఎక్కువమందికి తెలుసు గాని, పైపుల పనిలో అది చేసిన మేలు అంతకంటే తక్కువేమీ కాదు. బాల్ వాల్వ్ కూడా బిగుసుకుంటుంది. గోళం మీద సున్నపు పొర అంటుకుంటే పిడి కదలదు. సగం తెరిచి వదిలేస్తే నీటి ఒరిపిడికి ఆ మెత్తని వలయాలు అరిగి తర్వాత పూర్తిగా మూసుకోదు. నీటి ఉధృతిని తగ్గించడానికి ప్రధాన వాల్వ్‌ను సగం మూసి ఉంచే అలవాటు ఏ రకం వాల్వ్‌కూ మంచిది కాదు. గేట్ వాల్వ్‌లోనూ పలక అంచు కోసుకుపోతుంది. ఇవి నీటిని ఆపడానికో వదలడానికో ఉన్నవే గాని పాయను సన్నం చేయడానికి కావు.

ఇక తిరగని వాల్వ్ ఎదురైనప్పుడు ఏం చేయాలన్నది. చాలామంది మొదట చేసే పని పెద్ద పైపు పానా తెచ్చి పిడికి తగిలించి లాగడం. అలా లాగినప్పుడు వాల్వ్ తిరగకపోగా దాని అవతలి పైపు కీలు మెలిపడి ఊడుతుంది. అతికించిన ప్లాస్టిక్ పైపుల్లోనూ, మరల దగ్గర తుప్పుతో పలచబడిన పాత ఇనుప పైపుల్లోనూ ఇది మరీ తేలిక. కనుక ఏ వాల్వ్‌నైనా తిప్పేటప్పుడు ఒక పానాతో వాల్వ్ ఒంటిని కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిడిని తిప్పాలి. ఆ బలం పైపు మీదికి పోకూడదు. తిప్పే ముందు ఇంకొక ఆలోచన చేయాలి: ఈ వాల్వ్ ఇప్పుడు విరిగితే దీనికి ముందు నీటిని ఆపే చోటు ఇంకొకటి ఉందా? ట్యాంకు దగ్గర గాని, వీధి పైపు దగ్గర గాని అలాంటి చోటు ఉంటే దాన్ని ముందు చూసిపెట్టుకోవాలి. లేకపోతే, పైపు పగిలిన అత్యవసరం తప్ప, ఆ వాల్వ్‌ను సొంతంగా కదిలించే ప్రయత్నం వాయిదా వేయడమే వివేకం.

గేట్ వాల్వ్ అయితే, స్పిండిల్ గ్లాండ్ నట్‌లోకి దిగే చోట తుప్పు వదిలించే పలుచని నూనె రెండు మూడు చుక్కలు వేసి కొన్ని గంటలు వదిలేయాలి. లోహపు పైపులకు లోహపు వాల్వ్ ఉన్నప్పుడే ఈ పని చేయాలి, ఒలికిన నూనెను వెంటనే తుడవాలి. కొన్ని నూనెలు తగిలితే సీపీవీసీ ప్లాస్టిక్ పెళుసుబారి పగుళ్లిస్తుంది; ఇది అప్పటికప్పుడు కాక కొన్ని వారాల తర్వాత బయటపడుతుంది కనుక దానికి కారణం ఆ నూనె అని ఎవరికీ తట్టదు. తర్వాత గ్లాండ్ నట్‌ను పావు చుట్టుకు మించకుండా వదులు చేస్తే ఎండిన ప్యాకింగ్ కడ్డీ మీద పట్టు సడలిస్తుంది. కొద్దిగా నీరు చెమరిస్తే కంగారు పడనక్కరలేదు, పని అయ్యాక మళ్లీ బిగిస్తే ఆగిపోతుంది. అయితే దాని కింద, వాల్వ్ ఒంటికి ఆనుకుని ఇంకొక పెద్ద నట్ ఉంటుంది. నీటి ఒత్తిడి ఉన్నంతసేపూ దాన్ని ముట్టుకోకూడదు. అది ఊడితే స్పిండిల్‌తో సహా వాల్వ్ పైభాగమంతా చేతిలోకి వస్తుంది, దాని వెనకే నీరు పైకప్పును తాకుతుంది.

ఆ తర్వాత పిడిని మూసే వైపు, అంటే సాధారణంగా గడియారపు ముల్లు తిరిగే దిశలో, మెల్లగా ఒత్తాలి. వెంట్రుకవాసి కదిలినా వెంటనే వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు తిప్పాలి. ఇలా ముందుకూ వెనక్కూ ఆడిస్తూ పోతే మరల మధ్య గట్టిపడిన పొర నలిగి రాలుతుంది. ఒకే దిశలో బలవంతంగా తిప్పితే ఆ పొడి మరల్లోనే మరింత కూరుకుంటుంది. పలక చాలావరకు దిగి చివర ఆగిపోతే గాడిలో ఒండ్రు ఉందని అర్థం. అప్పుడు కొద్దిగా తెరిచి ఉంచితే ఆ సందులోంచి వేగంగా దూసుకెళ్లే నీరే అడుగున ఉన్న చెత్తను కొట్టుకుపోతుంది; రెండు మూడు సార్లు ఇలా చేశాక మూస్తే పలక సరిగా కూర్చుంటుంది. ఆ చెత్త కుళాయిల జాలీల్లోకి చేరకుండా ముందే కింది అంతస్తులో ఒక కుళాయి జాలీ విప్పి, ఆ కుళాయిని తెరిచి ఉంచడం మంచిది.

వేడి గురించి ఒక హెచ్చరిక. లోహం వ్యాకోచిస్తుందని తెలిసినవాళ్లు వాల్వ్‌కు మంట చూపిస్తారు. పీవీసీ పైపు 60 డిగ్రీల సెల్సియస్ వద్దే ఒత్తిడికి నిలవని స్థితికి వస్తుంది, సీపీవీసీ కూడా సుమారు 93 డిగ్రీల వరకే పనికొస్తుంది. వాల్వ్ లోపలి రబ్బరు వలయాలు, వాషర్లు మంటకు పాడైపోతాయి. అంతగా కావాలంటే వేడినీళ్లలో పిండిన గుడ్డను వాల్వ్ చుట్టూ చుట్టి కాసేపు ఉంచితే చాలు. సుత్తితో మోదడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

వాల్వ్ తిరిగిందన్నంత మాత్రాన మూసుకుందని అనుకోకూడదు. ఇంట్లో అన్నిటికంటే కిందనున్న కుళాయి తెరిచి, పైపులో నిలిచిన నీరు పోయాక ధార పూర్తిగా ఆగిందా లేదా చూడాలి. సన్నగా కారుతూనే ఉంటే వాల్వ్ నీటిని పూర్తిగా ఆపలేకపోతోందని అర్థం. మరమ్మతు అయ్యేదాకా ఆ కుళాయిని తెరిచే ఉంచి కింద బకెట్టు పెడితే, పైన పని చేసే చోటికి నీరు రాకుండా ఉంటుంది. పిడి అంతూ పొంతూ లేకుండా తేలిగ్గా తిరుగుతుంటే లోపల మర అరిగిందో, పలక స్పిండిల్ నుంచి విడిపోయిందో అయి ఉంటుంది. ఆ పలక ఎప్పుడు జారి పడుతుందో చెప్పలేం. ఒక్కోసారి అదే అడ్డుపడి ఇంటికి నీళ్లు మొత్తం ఆగిపోతాయి, కారణం తెలియక జనం మోటారునూ ట్యాంకునూ అనుమానిస్తూ కూర్చుంటారు. అటువంటి వాల్వ్‌కు మరమ్మతు అనవసరం, మార్చాల్సిందే.

బాల్ వాల్వ్ విషయంలో చెప్పాల్సింది తక్కువ. పిడిని కొద్ది కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. కదలకపోతే మార్చుకోవాలి, దానిమీద కుస్తీ పట్టనక్కరలేదు. తిరిగే వాల్వ్‌నైనా ఒక్క విసురులో మూయకూడదు. వేగంగా పారే నీటిని హఠాత్తుగా ఆపితే పైపులో పీడన తరంగం పుట్టి దడాలున మోగుతుంది. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ జుకోవ్‌స్కీ మాస్కో నీటి సరఫరా పైపుల మీద ప్రయోగాలు చేసి, 1898లో ఈ దెబ్బకు లెక్క కట్టి చూపించారు. ఆ లెక్క ప్రకారం లోహపు పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో వస్తున్న నీటిని ఉన్నట్టుండి ఆపితే పీడనం మామూలు గాలి పీడనానికి 10 రెట్లకు మించి పెరుగుతుంది. పాత కీళ్లకు అది చాలు.

ఏ ప్రయత్నానికీ వాల్వ్ లొంగకపోతే నీటిని ఇంకా ముందు ఆపాలి. మేడ మీద ట్యాంకు ఉంటే దాని అడుగున పైపు మొదలయ్యే చోట వాల్వ్ ఉండాలి. అది కూడా లేకపోతే మోటారు ఆపి, ట్యాంకు నింపే ఫ్లోట్ వాల్వ్ కాడను పైకి కట్టి, ట్యాంకును ఖాళీ చేసుకుని పని మొదలుపెట్టవచ్చు. గీజరు స్విచ్ అప్పటికే ఆపి ఉండాలి, లేకపోతే అందులో నీరు తగ్గి హీటింగ్ ఎలిమెంట్ కాలిపోతుంది. వీధి పైపు నుంచి వచ్చే చోట ఉండే వాల్వ్ సాధారణంగా నీటి సరఫరా సంస్థది; దాన్ని వాళ్లతోనే మూయించాలి. సున్నాకు 78 డిగ్రీలు దిగువన ఉండే పొడి మంచుతో, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌తో, లోహపు పైపులోని నీటిని ఒకచోట గడ్డకట్టించి, ఆ గడ్డే అడ్డుగా ఉండగా వాల్వ్ మార్చే పద్ధతి కూడా ఉంది గాని అది శిక్షణ పొందినవాళ్ల పని, పైగా పైపులో నీరు కదులుతుంటే గడ్డ కట్టదు.

ఇంతవరకు రాసిందంతా చేయి అందే వాల్వ్ గురించి. నన్ను ఈ ఉత్తరం రాయడానికి పురిగొల్పింది మాత్రం చేయి అందని వాల్వ్‌లే. వంటగదిలో అరలు బిగించేవారు వాల్వ్ ముందు పలక కొట్టేసి వెళ్తారు. స్నానాల గదికి కొత్త టైల్స్ వేయించినప్పుడు ఆ గదికి నీళ్లు కట్టే వాల్వ్, అంటే గోడలోని స్టాప్ కాక్ పిడి ఊడదీసి, పైన టైల్ అతికిస్తారు. నేలలో వాల్వ్ ఉన్న చిన్న గుంత మట్టితో నిండి, దాని మూత మీద సిమెంటు పరుస్తారు. పైపులు దిగే నిలువు షాఫ్టుల్లో వాల్వ్ ఉన్నా ఆ షాఫ్టులోకి చేయి పెట్టే కిటికీ ఉండదు. అందం కోసమని చేసిన ఈ పనులన్నీ ఒక్క పైపు పగిలిన నాడు అదే గోడను పగలగొట్టే దాకా తెస్తాయి. వాల్వ్ కనిపించకూడదన్న కోరికను నేను తప్పుపట్టను. తెరవగలిగే చిన్న తలుపు, అయస్కాంతంతో నిలిచే టైల్ పలక, నేలలోని గుంతకు ఎత్తగలిగే మూత, లోతుగా ఉంటే పొడుగాటి తాళం లాంటి పిడి, ఇవన్నీ ఉన్నవే. వీటిలో ఏదీ పెట్టకపోవడానికి సౌందర్య దృష్టి కారణం కాదు, అడిగేవాళ్లు లేకపోవడమే కారణం. పిల్లలు తిప్పేస్తారనో, దారిన పోయేవారు కట్టేస్తారనో భయం ఉంటే పిడికి తాళం వేసే వాల్వ్‌లు దొరుకుతాయి. ఆ తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలియాలన్నది ఒక్కటే షరతు.

చాలా ఇళ్లకు ఒకే నిలువు పైపు ఉన్న భవనాల్లో ఈ సమస్య ఇంకా ముదురుతుంది. ఒక ఇంటి వాల్వ్ పనిచేయకపోతే ఆ వరుసలో ఉన్న ఇళ్లన్నిటికీ నీళ్లు కట్టేయాలి, అందుకు అందరూ ఒప్పుకోవాలి, ఒప్పుకునేలోగా కింది ఇంటి పైకప్పు తడుస్తుంది. అద్దెకున్నవారి సంగతి మరీ ఇబ్బందికరం: వాల్వ్ వాళ్ల సొత్తు కాదు, నష్టం మాత్రం వాళ్ల సామానుకే. ఇల్లు అప్పగించే రోజున తాళంచెవుల గుత్తి లెక్కపెట్టి ఇచ్చినట్టే, యజమాని అద్దెదారును వాల్వ్ దగ్గరికి తీసుకెళ్లి ఒకసారి మూయించి తెరిపించి చూపించాలని నా అభిప్రాయం. కొత్త ఇల్లు కొనేవారు కూడా గోడలు, గడపలు చూసే శ్రద్ధలో కొంత దీని మీద పెట్టి, తమ చేత్తో తిప్పి చూశాకే సంతకం చేయాలి. ఏడాదికి రెండుసార్లు మూసి తెరిస్తే వాల్వ్ బిగుసుకునే అవకాశం బాగా తగ్గుతుంది. గేట్ వాల్వ్‌ను పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి వదలడం పాత పనివాళ్ల పద్ధతి. చివరిదాకా బిగించి వదిలేసిన స్పిండిలే ఎక్కువగా పట్టేస్తుంది.

మార్చాల్సి వచ్చినప్పుడు ఒక్క వాల్వ్‌తో సరిపెట్టకుండా దాని పక్కన విప్పడానికి వీలైన యూనియన్ అనే పైపు జోడింపు కూడా వేయించుకుంటే మరోసారి పైపు కోయాల్సిన పని ఉండదు. దీనికి అయ్యే అదనపు ఖర్చు స్వల్పం గనుక ప్లంబరు వద్దన్నా పట్టుబట్టవచ్చు.

మీ పత్రికకు నా విన్నపం ఒకటే. మీ పేజీలో వారం వారం ఇళ్ల ప్లాన్లు ప్రచురిస్తున్నారు. వాటిలో తలుపులు, కిటికీలు, మెట్లు, చివరికి పూలకుండీల స్థానం కూడా గుర్తిస్తున్నారు. ఇకమీదట ఆ బొమ్మల్లోనే ఇంటి ప్రధాన వాల్వ్, ట్యాంకు దిగువ వాల్వ్, ఒక్కో స్నానాల గదికి విడిగా ఉండే వాల్వ్ ఎక్కడున్నాయో నేల నుంచి ఎత్తు, గది తలుపు నుంచి దూరం కొలతలతో సహా గుర్తు పెట్టించండి. ప్లాన్ ఇచ్చే ఇంజినీరును ఆ వివరం అడిగితే, గీసేటప్పుడే వాళ్లు దానికొక చోటు ఆలోచించి తీరతారు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పాఠకుడు